గురుసామన్న ఆపిన పడుగు

నేను ఈ యాత్రకు వెళ్ళింది ఒక మనిషి కాలేయం కోసం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అందరూ గుళ్ళూ కొండలూ చూడ్డానికి సెలవు పెడతారు. నేను చెప్పిన మాట వినని ఒక పేషెంటుని లాక్కురావడానికి పెట్టాను. చివరికి గుడీ కొండా కూడా చూశాననుకోండి, అది వేరే సంగతి.

నాది నెల్లూరు జిల్లా. ఇరవై ఏళ్ళ పైచిలుకు చెన్నైలో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. అందులోనూ కాలేయం థియేటర్. ఇది తియ్యడం మా వల్ల కాదని నాలుగు ఊళ్ళు తిప్పి పంపిన గడ్డల్ని మా డాక్టరమ్మ తీస్తుంది. ఆమె చెయ్యి చాచేలోపే కావలసిన పరికరం అందులో పెట్టేది నేను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, చెప్పుకోదగ్గ పని చేసినప్పుడు చెప్పుకోవాలి.

గురుసామి విరుదునగర్ దగ్గర ఒక నేత ఊరివాడు. యాభై దాటిన మనిషి. వార్డులో నర్సులతో తమిళంలో మాట్లాడుతూ, నొప్పి పుట్టినప్పుడు మాత్రం "అమ్మా, ఓర్సుకోలేను" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను దొరికిపోయాను. అప్పటినుంచి ఆయన నాకు గురుసామన్న, నేను ఆయనకి సిస్టరమ్మ.

ఆయన కాలేయంలో కుడివైపు నారింజకాయంత గడ్డ. క్యాన్సర్. అది వెనకాల పెద్ద సిరను ఆనుకుని కూర్చుంది. దాన్ని తియ్యాలంటే కుడి భాగమంతా తియ్యాలి. మిగిలే ఎడమ ముక్క చాలా చిన్నది, దానితో మనిషి బతకడు. ఇదివరకైతే ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అని చెప్పి పంపేవాళ్ళు. ఇప్పుడు పని రెండు విడతల్లో చేస్తారు. ముందు పక్కటెముకల సందులోంచి సన్నటి సూది పోనిచ్చి, కుడి భాగానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాన్ని లోపల్నుంచే మూసేస్తారు. రక్తమంతా ఎడమకు మళ్ళుతుంది. అడిగినంత తిండి దొరికిన పిల్లాడిలా ఎడమ ముక్క కొన్ని వారాల్లో ఏపుగా పెరుగుతుంది. అది చాలినంత పెరిగాక కుడి భాగాన్ని గడ్డతో సహా కోసి తీసేస్తారు.

గురుసామన్నకు మొదటి విడత అయింది. నాలుగు వారాలకి రమ్మన్నాం. రాలేదు. ఫోన్ చేస్తే "వస్తా సిస్టరమ్మా, వస్తా" అంటాడు. ఆరో వారం కూడా వెళ్ళిపోతోంది. పెరిగేది మంచి ముక్క ఒక్కటే కాదు, గడ్డ కూడా పెరుగుతుంది. అది ఆ సిరను చుట్టేసిందంటే మా డాక్టరమ్మ కూడా చేతులు ముడుచుకు కూర్చోవలసిందే. అందుకే నాకు కుదురు లేకుండా పోయింది.

కోవిల్‌పట్టి

ముందు కోవిల్‌పట్టిలో దిగడానికి కారణం ఆయన చెల్లెలు రామక్క. ఆసుపత్రిలో ఇచ్చిన రెండో ఫోన్ నంబరు ఆమెదే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పెట్టెల్లోకి సర్దే పని. స్టేషన్ బయట నన్ను చూడగానే నడుం మీద చెయ్యి వేసుకుని పరీక్షగా చూసింది.

"నువ్వేనా సిస్టరక్కా? పోన్లో గొంతు వింటే ఇంకా లావుగా ఉంటావని అనుకుంటిని" అంది.

"నీ గొంతు వింటే నువ్వింకా మంచిదానివి అనుకున్నాను" అన్నాను. పడీపడీ నవ్వింది. ఆ నవ్వుతోనే మాకు చుట్టరికం కలిసింది.

తరాల కిందట అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు వీళ్ళు. వీధిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష. టీ కొట్టు దగ్గర రామక్క తమిళంలో గలగలా మాట్లాడి, గడప లోపల కాలు పెట్టగానే తెలుగులోకి మారింది. "కాళ్ళు కడుక్కో అక్కా, కూడు తిందువు. మాపటికి పోదాం" అంది. మాపటికి! ఆ మాట మా అవ్వ పోయాక నేను ఎవరి నోటా వినలేదు. రామక్కకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. "మా తెలుగు విని నవ్వొద్దక్కా, మేము ఇంట్లో మాట్లాడేదే గాని సదివింది లే" అని సిగ్గుపడింది. సిగ్గెందుకు? చదువుకున్న నేను ఆ మాటలన్నీ పోగొట్టుకున్నాను, ఆమె ఇంట్లో భద్రంగా ఉన్నాయి.

కంబు అన్నం, అంటే మన సజ్జ సంకటే, దానిలోకి వేరుశనగ పచ్చడి పెట్టింది. మా నెల్లూరు వాళ్ళం చింతపండు ఎక్కువ వేస్తాం, వీళ్ళు మిరపకాయ ఎక్కువ వేస్తారు. చెవుల్లోంచి ఆవిరి వచ్చింది కానీ వదల్లేకపోయాను.

ఇక కోవిల్‌పట్టి కడలమిట్టాయి సంగతి. వేరుశనగ గింజలు, బెల్లం పాకం, అంతే. మన పల్లీ చిక్కీయే కదా అని తేలిగ్గా తీసుకుని టపీమని కొరికాను. నా వెనక పన్ను మీది తొడుగు ఊడి చేతిలోకొచ్చింది. రామక్క కంగారుపడి, అంతలోనే నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "మా ఊరి మిట్టాయికి పల్లు గట్టిగా ఉండాలక్కా" అని ఎంత గర్వంగా చెప్పిందో! తొడుగుని రుమాల్లో కట్టుకుని, మిగతా యాత్రంతా ఎడమవైపు నమిలాను. అయినా ఇంటికి మూడు పొట్లాలు కొన్నాను.

కళుగుమలై

నేను నేరుగా అన్న దగ్గరికి పోదామన్నాను. రామక్క ఒప్పుకోలేదు. కళుగుమలై మురుగన్‌కి మొక్కుకుందట, అది తీర్చకుండా అన్న ఎదట నిలబడితే ఆమె మాట చెల్లదట.

"ఆపరేషన్ కాకుండానే మొక్కు తీర్చడమేమిటి?" అని అడిగాను.

"సగం అయింది గదక్కా, నాళం మూసినారు గదా. సగం మొక్కు ఇప్పుడు తీరుస్తా. మిగతా సగం కోసినాక. సామికి కూడా తెలియాల గదా, పని ఇంకా ఉండాదని" అంది.

దేవుడితో రెండు విడతల ఒప్పందం! మా డాక్టరమ్మ వింటే మురిసిపోయేది.

దర్శనం అయ్యాక కొండ మీదికి తీసుకెళ్ళింది. అక్కడ ఒకే రాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చిన గుడి ఉంది. శిఖరం, దాని మీది బొమ్మలు నిన్ననే చెక్కినంత నిగనిగలాడుతున్నాయి. కిందికి చూస్తే మొరటు రాయి. చెక్కుతూ చెక్కుతూ ఎందుకో వదిలేశారు. అంత చెయ్యి తిరిగినవాళ్ళు అలా ఎలా వెళ్ళిపోయారా అని నాకు ప్రాణం ఉసూరుమంది. ఎండలో ఆ రాతి అంచున కూర్చునే రామక్క అసలు విషయం బయటపెట్టింది.

"అన్న ఎందుకు రాలేదో నీకు సెప్పలే. తరి మీద పడుగు ఉండాది. అది దిగేదాకా రాడు."

తరి అంటే మగ్గం, పడుగు అంటే దాని మీద నిలువునా బిగించే పోగులు. ఒక్క పడుగుకి కొన్ని చీరలు దిగుతాయి. ఇంటికొచ్చాక నాలుగు వారాలు ఊరికే కూర్చోలేక, చేతులు దురదపెట్టి, కొత్త పడుగు ఎక్కించుకున్నాడట. మామూలుగా అయితే నాలుగు వారాల్లో ఆ చీరలన్నీ దిగిపోయేవి. ఈసారి ఒంట్లో ఓపిక లేదు, రోజుకి మూర కూడా సాగడం లేదు. నేతగాడే చెయ్యగలిగిన పొరపాటు ఇది. వేరే ఎవరైనా ఆ నాలుగు వారాలు టీవీ చూసేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ప్రాణం కన్నా చీర ఎక్కువా?" అని అరిచాను. కోతులు కూడా తిరిగి చూశాయి.

"వాడి కాడ ఈ మాట అనొద్దక్కా" అంది రామక్క మెల్లగా.

విరుదునగర్

బస్సు నల్లరేగడి నేలల మధ్యగా పోయింది. పత్తి, జొన్న, మధ్యలో తుమ్మచెట్లు. విరుదునగర్ వచ్చిందని బోర్డు చూసి కాదు, తుమ్ములొచ్చి తెలుసుకున్నాను. మిరపకాయల గోదాముల వీధి గుండా నడిపించింది రామక్క. నేను గుంటూరు మిరపకాయలు తిని పెరిగిన తెలుగుదాన్ని, నాకేమవుతుందిలే అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. వీధి దాటేలోపు ఎన్ని తుమ్ములు తుమ్మానో లెక్కలేదు. బస్తాలు మోసే అన్నలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

ఆ వీధి చివర్లో నూనె పరోటా తిన్నాం. పరోటాని పెనం మీద కాల్చరు, నూనెలో మునిగేలా వేయిస్తారు. పైన కరకర, లోపల పొరలు. దాని మీద సాల్నా అనే పల్చటి కారపు పులుసు పోస్తారు. చెన్నైలో ఆ ధరకి ఒక దోసె వస్తుంది. ఇక్కడ ఇద్దరం కడుపు నిండా తిన్నాం. కాలేయం సిస్టర్‌ని కాబట్టి అంత నూనె చూసి కళ్ళు మూసుకోవలసింది. కళ్ళు మూసుకునే తిన్నాను.

నేత వీధి

విరుదునగర్ నుంచి ఇంకో బస్సు. ఊరి పేరు రాయొద్దని గురుసామన్న చెప్పాడు కాబట్టి రాయను. వీధి పొడుగునా కొన్ని ఇళ్ళలో పవర్‌లూమ్‌ల హోరు. ఆ హోరులోంచి ఒక ఇంట్లో మాత్రం చేతిమగ్గం చప్పుడు, ఆగి ఆగి వినిపిస్తోంది. ఒక దెబ్బ, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఒక దెబ్బ. ఆ మధ్య ఖాళీ వింటేనే ఆయన ఆరోగ్యం ఎలా ఉందో అర్థమైపోయింది.

గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది. నన్ను చూసి ముందు సంతోషపడ్డాడు, తర్వాత బళ్ళో దొరికిపోయిన పిల్లాడిలా తల దించుకున్నాడు. ఆయన భార్య కొండమ్మాళ్ చెంబుతో నీళ్ళు ఇచ్చి, నా చెవి దగ్గర, "మీరైనా సెప్పండమ్మా. నా మాట గాలికి పోతా ఉండాది" అంది.

"ఏమన్నా, ఎన్నిసార్లు వస్తానన్నావు నాతో?" అన్నాను.

"ఇంగ రెండు సీరలు సిస్టరమ్మా. దిగినాయంటే అదే రోజు వస్తా."

"ఇప్పుడున్న ఓపికతో రెండు చీరలు ఎప్పుడు దిగాలి? ఆ గడ్డ నీ చీర కోసం ఆగుతుందా?"

"ఆగదు. నాకు తెలుసు" అన్నాడు. కోపం లేదు, మొండితనం కూడా లేదు. "పడుగు కట్టిన సెయ్యే దాన్ని దించాల. మా వీధిలో అది ముందు నుంచీ ఉండాది. మా నాయన సగం పడుగు మగ్గం మీద పెట్టి మదురై ఆస్పత్రికి పోయినాడు. తిరిగి రాలే. దాన్ని ఎవరూ ముట్టలేక మూడేండ్లు అట్లనే పెట్టుకుంటిమి. అమ్మ దాని ముందరే పండుకునేది. నేను కొండమ్మాళ్‌కి అట్లాటి మగ్గం ఇడిసి పోను."

కొండమ్మాళ్ గోడవైపు తిరిగింది. రామక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తిట్టడానికి వచ్చిన నేను మగ్గం పక్కనే చతికిలబడ్డాను.

"ఇంకొకటి" అన్నాడు ఆయనే. "ఇన్ని దినాలు నిలిపితే పోగులు సడలిపోతాయి. మళ్ళీ మొదలుపెట్టిన కాడ గీత పడుద్ది. నా సేతిలో ఇంతవరకు గీత పడిన సీర దిగలే సిస్టరమ్మా. ఈ వీధిలో ఎవరినైనా అడగండి."

అదిగో, అక్కడ పట్టు దొరికింది నాకు. ఆయన గర్వం నాకు బాగా తెలిసిన గర్వమే. మా థియేటర్లో రోజూ చూస్తాను.

"అన్నా, పడుగు కట్టిన చెయ్యే దించాలని కదా నీ మాట?"

"అవును."

"మరి మా డాక్టరమ్మ మాటేమిటి? నీ పొట్టలో ఆమె పడుగు ఎక్కించింది. నాళం మూసింది, ఎడమ ముక్కని పెంచింది, నువ్వొస్తావని కూర్చుంది. సగం పని అయింది. దాన్ని ఇంకెవరూ దించలేరు, ఆ చెయ్యే దించాలి. నీ మగ్గం నువ్వు వదలవు. ఆమె మగ్గాన్ని మాత్రం వదిలేసి వచ్చి ఇక్కడ కూర్చున్నావు. ఇదేం న్యాయం?"

ఆయన పేక దారం నడిపే నాడెని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పక్కటెముకల మీద, మొదటి విడత సూది గుచ్చిన చోట చెయ్యి పెట్టుకున్నాడు. పక్కింటి పవర్‌లూమ్ ఎవరో ఆపినట్టున్నారు, వీధి నుంచి ఇద్దరు ముగ్గురు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆయమ్మ కూడా ఇట్లనే పట్టుగా ఉంటుందా, పనిలో?" అని అడిగాడు.

"నీకన్నా ఎక్కువ."

"అయితే ఆయమ్మది ముందు పెట్టింది. ఆయమ్మదే ముందు దిగాల" అన్నాడు.

నాడెని పోగుల మధ్యలో, సగం దూరంలో వదిలాడు. కొండమ్మాళ్ పాత పంచె తెచ్చి మగ్గం మీద కప్పింది. "ఎవురినీ ముట్టనీకు. నేనే వచ్చి దించుతా" అని భార్యతో చెప్పాడు. గుంటలోంచి లేవడానికి గుమ్మంలో ఉన్న ఇద్దరూ వచ్చి చెరో రెక్క పట్టుకున్నారు. ఒక ముసలాయన మాత్రం మగ్గాన్నీ గురుసామన్ననీ మార్చి మార్చి చూసి, "గీత పడితే పడనీ రా" అన్నాడు. ఆ వీధిలో ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసు కావాలో నాకు అప్పటికి తెలిసింది.

చెన్నై, మళ్ళీ మా థియేటర్

ముందు స్కాన్. రిపోర్టు వచ్చేదాకా నేను నాలుగుసార్లు వెళ్ళి అడిగి తిట్లు తిన్నాను. ఎడమ ముక్క పెరిగింది! చాలినంత పెరిగింది. గడ్డ కూడా కొంచెం పెరిగింది, సిరకు ఇంకా దగ్గరైంది, కానీ చుట్టుకోలేదు. "ఇంకో రెండు వారాలైతే నేను ఒప్పుకునేదాన్ని కాదు" అంది డాక్టరమ్మ ఇంగ్లీషులో. మాతో వచ్చిన రామక్కకి అర్థమయ్యేలా ఆ మాటని తమిళంలో కూడా చెప్పించాను.

ఆపరేషన్ గురించి చూడనివాళ్ళకు చెబుతాను. పొట్ట తెరిచాక మా డాక్టరమ్మ వెంటనే కొయ్యదు. చిన్న స్కాన్ ముక్కని నేరుగా కాలేయం మీదే ఆనించి, లోపల ఏ సిర ఎటు పోతోందో చూసి, పైన గీత గీసుకుంటుంది. తర్వాత కత్తి కాదు, శబ్దపు అదురుతో మెత్తటి కండని కరిగించే పరికరం. కండ పోతుంది, నాళాలు మాత్రం తీగల్లా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటీ కట్టి, తెంచి, ముందుకు పోతుంది. కాలేయానికి వచ్చే రక్తాన్ని కాసేపు ఆపుతుంది, వదులుతుంది, మళ్ళీ ఆపుతుంది. మత్తు డాక్టరు తలవైపు కూర్చుని, సిరల్లో ఒత్తిడి తగ్గించి పెడతాడు, నెత్తురు తక్కువ కారాలని. థియేటర్లో ఎవరూ అనవసరంగా మాట్లాడరు.

గడ్డ సిర గోడని ఒకచోట పట్టుకునే ఉంది. అక్కడ గోడలో చిన్న ముక్కని కూడా కోసి తీసి, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టింది. ఆఖరి కుట్టు వేసి, బిగించి, సిరను నొక్కి పట్టిన పట్టకారు తీసింది. నెత్తురు నిండుగా పారింది, ఒక్క చుక్క బయటికి రాలేదు. దారం కొస మామూలుగా అసిస్టెంటు కత్తిరిస్తాడు. ఆ రోజు డాక్టరమ్మ నా వైపు చెయ్యి చాచి, "సిస్టర్, కత్తెర నాకివ్వండి. పడుగు నేనే దించుతాను" అంది. మగ్గం కథంతా ఆమెకి ముందే చెప్పాను మరి. ముసుగు వెనకాల నేను ఏడ్చాను. నా థియేటర్, నా డాక్టరమ్మ, ఏడిస్తే తప్పేమిటి?

తర్వాత పసరు, అంటే పైత్యరసం, కొంచెం కారి, ఒక గొట్టం అనుకున్న దానికన్నా ఎక్కువ రోజులు ఉంచవలసి వచ్చింది. ఆయన విసుక్కున్నాడు, నేను కసురుకున్నాను. నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. రామక్క కళుగుమలైలో మిగతా సగం మొక్కు తీర్చి, ఫోన్ చేసి చెప్పింది.

గీత

కొన్ని నెలలకి చెకప్‌కి అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ వచ్చారు. ఒళ్ళు చేశాడు, ముఖం నిండింది. రామక్క కడలమిట్టాయి తెచ్చి, "నీకు మెత్తగా చేయించినానక్కా" అని నా పన్ను సంగతి వార్డంతా చాటింది. గురుసామన్న సంచిలోంచి ఒక చీర తీశాడు. పసుపుపచ్చ నూలు చీర, ఎర్రంచు. ఒళ్ళో పరిచి, మధ్యలో ఒకచోట వేలు పెట్టాడు. అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, సన్నటి గీత.

"సావుకారికి ఇయ్యలే. ఇది మీకే" అన్నాడు. తర్వాత చొక్కా కొంచెం పైకెత్తి, పొట్ట మీది పొడుగాటి కుట్టు మచ్చ చూపించి, చీర మీది గీతని దాని పక్కన పెట్టాడు. "నిజం సెప్పండి సిస్టరమ్మా. మీ డాక్టరమ్మ గీతకన్నా నాది సన్నంగా లేదా?"

ఉంది. ఒప్పుకున్నాను. డాక్టరమ్మ కూడా వచ్చి చూసి ఒప్పుకుంది.

మొన్న నెల్లూరులో ఒక పెళ్ళికి ఆ చీరే కట్టుకెళ్ళాను. గీత బయటికి కనబడేలా కట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ చీరలు తెలిసినావిడలా ఉంది, గీత ఉన్న చోట పట్టుకుని చూసి, "అయ్యో, ఇక్కడ నేత తప్పిందండీ, చూసుకోలేదా?" అంది.

"తప్పలేదమ్మా. అక్కడ ఆయన మగ్గం దిగి, మా దగ్గరికొచ్చి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు" అన్నాను.